లేహ్‌లో నాలుగు రోజులు, గాలిలో రెండు నెలల భారం

హైదరాబాదు నుంచి ఢిల్లీ మీదుగా లడఖ్‌లోని లేహ్‌కు విమానంలో వెళ్ళి అదే దారిన తిరిగి వస్తే దాదాపు 3,700 కిలోమీటర్ల ప్రయాణం అవుతుంది. సాధారణ తరగతిలో కూర్చున్న ఒక్కొక్కరి వంతున కిలోమీటరుకు 90 నుంచి 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందనుకుంటే, ఈ రాకపోకలలో ఒక మనిషి వాటా సుమారు మూడున్నర క్వింటాళ్ళు. సగటు భారతీయుడి వార్షిక ఉద్గారం రెండు టన్నుల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, కరెంటు, వంటగ్యాసు, బస్సు, ఇంటికి వాడిన సిమెంటు అన్నీ కలిపి అతని పేరున రెండు నెలల్లో పడే భారం ఈ నాలుగు విమానాలు ఎక్కి దిగేసరికే మన ఖాతాలో పడుతుంది.

ఇంధనం కంటే దాని నుంచి వచ్చే వాయువు మూడింతలకు పైగా బరువు ఎలా ఉంటుందన్న అనుమానం చాలామందికి వస్తుంది. కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఇంధనంలోని ప్రతి కర్బన పరమాణువూ గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులతో కలుస్తుంది. కర్బనం భారం 12 అయితే ఆ రెండు ఆక్సిజన్ల భారం 32. అంటే వెలువడే వాయువు బరువులో ఎక్కువ భాగం ట్యాంకులో నింపినది కాదు, దారిలో గాలి నుంచి తీసుకున్నది.

కార్బన్ డయాక్సైడ్‌తోనే లెక్క ముగియదు. పది కిలోమీటర్ల ఎత్తున, సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉండే గాలిలో, ఇంజను నుంచి వచ్చే నీటి ఆవిరి మసి రేణువుల చుట్టూ గడ్డకట్టి, మనకు కింద నుంచి కనిపించే తెల్లని చారలవుతుంది. అక్కడి గాలి పొడిగా ఉంటే ఆ చారలు నిమిషాల్లో మాయమవుతాయి. తేమగా ఉంటే గంటల తరబడి నిలిచి, పలచని మబ్బుగా పరుచుకుని, నేల నుంచి పైకి పోయే వేడిని అడ్డుకుంటాయి. పగలైతే కొంత ఎండనూ వెనక్కి పంపుతాయి కానీ రాత్రిపూట ఆ మేలు కూడా ఉండదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో విమానాల వాటా రెండున్నర శాతమే అయినా, భూతాపంలో వాటి వాటా అంతకంటే ఎక్కువని శాస్త్రవేత్తలు చెప్పడానికి ప్రధాన కారణం ఇదే. తేమ పొరలను తప్పించేలా ఎత్తు మార్చి నడిపితే చారలు తగ్గుతాయని 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 విమానాలపై చేసిన ప్రయోగంలో తేలింది; చారలు 54 శాతం తగ్గాయి. అయితే ఇది విమాన సంస్థలు చేయవలసిన పని, ప్రయాణికుడి చేతిలో ఉన్నది కాదు.

ప్రయాణికుడి చేతిలో ఉన్నదేమిటి? హోటల్లో తువ్వాలు రోజూ మార్చవద్దని చెప్పడం, ప్లాస్టిక్ సీసా కొనకపోవడం మంచి పనులే. వాటితో మూడున్నర క్వింటాళ్ళు మాఫీ అయిపోయాయనుకోవడం మాత్రం ఆత్మవంచన. టికెట్టుతో పాటు కొన్ని రూపాయలు చెల్లించి మొక్కలు నాటించడం కూడా నాకు అంతగా నమ్మకం కలిగించని పరిష్కారం, ఎందుకంటే గాలిలో కలిసిన వాయువులో కొంత భాగం శతాబ్దాల పాటు ఉండిపోతుంది, నాటిన మొక్క అన్నేళ్ళూ నరకకుండా, కాలకుండా ఉంటుందని పూచీ ఇచ్చేవారెవరూ లేరు. జీవ ఇంధనం మాట చూస్తే, 2018లో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి జట్రోఫా అనే మొక్క గింజల నూనెతో తయారైన ఇంధనాన్ని కలిపి విమానం నడిపి చూపారు. ఆ తర్వాత మన దేశం పెట్టుకున్న లక్ష్యం, అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నాటికి ఒక శాతం.

మిగిలిన మార్గం తక్కువసార్లు వెళ్ళడం, వెళ్ళినప్పుడు ఎక్కువ రోజులు ఉండడం. లేహ్‌లో నాలుగు రోజులుంటే విమానాల భారం రోజుకు 90 కిలోల చొప్పున పడుతుంది, రెండు వారాలుంటే 25 కిలోలకు దిగుతుంది. ఏడాదికి మూడుసార్లు చేసే పొట్టి ప్రయాణాల బదులు ఒక్క దీర్ఘ ప్రయాణం చేసినప్పుడే ఈ లెక్కకు అర్థం ఉంటుందన్నది వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళి నాలుగైదు నెలలుండి వచ్చే మన పెద్దవాళ్ళు, పర్యావరణం పేరెత్తకుండానే ఈ పద్ధతిని ఎప్పటినుంచో పాటిస్తున్నారు.

లేహ్ విషయంలో ఎక్కువ రోజులుండమని శరీరమే అడుగుతుంది. ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానం దిగినవారు మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలన్నది వైద్యులు చెప్పే మాట. నాలుగు రాత్రుల ప్యాకేజీలో అందులో సగం గదిలోనే గడిచిపోతుంది, లేదా ఆ విశ్రాంతిని ఎగ్గొట్టి మర్నాడే ఇంకా ఎత్తైన ఖర్దుంగ్‌లా కనుమ ఎక్కి తలనొప్పితో దిగడం జరుగుతుంది. పైగా ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానే పడే ఆ ఎడారి నీటికోసం మంచు కరగడంపై ఆధారపడుతుంది. నీరు అక్కరలేని మరుగుదొడ్లు తరతరాలుగా వాడిన ఊళ్ళో హోటళ్ళు ఫ్లష్‌లు పెట్టాయి. వేసవికి ముందే పొలాలకు నీరందాలని సివిల్ ఇంజినీరు చెవాంగ్ నోర్ఫెల్ 1987 నుంచి, చలికాలపు నీటిని గడ్డకట్టించి నిలవచేసే కృత్రిమ హిమానీనదాలు కట్టిన నేల అది. 2024 జులై చివరలో ఎండ ముదిరి, పలచబడిన గాలిలో విమానాలు ఎగరలేక లేహ్ సర్వీసులు కొన్ని రద్దయ్యాయి.

ఎక్కువ రోజులుండేవారు లేహ్ బజారు దాటి రుంబక్ వంటి పల్లెలకు వెళ్ళగలుగుతారు. హేమిస్ జాతీయ ఉద్యానంలోని ఈ ఊళ్ళో ఇంట్లోనే అతిథులను ఉంచుకునే ఏర్పాటు 2000 దశకం తొలినాళ్ళలో మొదలైంది. మంచు చిరుత గొర్రెలను చంపితే ఒకప్పుడు దానిపై పగబట్టిన రైతులకు, ఆ చిరుతను చూడాలని వచ్చే అతిథి ఇచ్చే గది అద్దె ఆదాయమైంది.

వెళ్ళే దారి విషయంలో ఇప్పుడు కొత్త అవకాశమొకటి ఉంది. 2025 జూన్‌లో చినాబ్ వంతెన మీదుగా కట్రా, శ్రీనగర్‌ల మధ్య రైలు మొదలైంది కాబట్టి, హైదరాబాదు నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి కట్రాకు, ఆపైన శ్రీనగర్‌కు రైలులోనే చేరి, కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి, రోడ్డు మీద లేహ్‌కు వెళ్ళవచ్చు. శ్రీనగర్ 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. మెట్టుమెట్టుగా ఎక్కడం వల్ల శరీరం కూడా కుదురుకుంటుంది. చలికాలంలో శ్రీనగర్, కార్గిల్‌ల మధ్య ఉన్న జోజిలా కనుమ మూతపడుతుంది కనుక ఇది వేసవి దారి మాత్రమే. దీనికి ఒక్క వైపే నాలుగైదు రోజులు పడుతుంది, ఉద్యోగస్తులకు అంత సెలవు దొరకడం కష్టం. అలాంటివారు పోయేటప్పుడు రైలు, రోడ్డు పట్టుకుని, వచ్చేటప్పుడు విమానమెక్కితే సరిపోతుంది: ఎత్తు నుంచి ఒక్కసారిగా దిగితే శరీరానికి ఇబ్బంది లేదు, విమానాల భారం సగానికి తగ్గుతుంది.