మే నెల మధ్యాహ్నం ఏ చెట్టు కింద?

దక్షిణ తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు పార్కులకు కరువు లేదు. పల్లె ప్రగతి అనే సర్కారు కార్యక్రమంలో ఊరూరా ప్రకృతి వనం వచ్చింది, 2022లో క్రీడా ప్రాంగణాలూ మొదలయ్యాయి. గేటు మీద రంగుల బోర్డు, లోపల నడకదారి, నాలుగు సిమెంటు బెంచీలు, కొన్నిచోట్ల ఓపెన్ జిమ్. పొద్దున, సాయంత్రం పిల్లలు ఆడతారు, బాగానే ఉంటుంది. మే నెలలో నల్లగొండ వైపు ఎండ 44 డిగ్రీలు ముట్టిన మధ్యాహ్నం మాత్రం అక్కడ పురుగు కనిపించదు. జనమంతా పాత యాపచెట్టు గద్దె మీద ఉంటారు. అలవాటు కొంత ఉండొచ్చు గానీ, అసలు సంగతి ఆ చెట్టుకే తెలుసు.

నీడలో గాలి మనం అనుకున్నంత చల్లగా ఉండదు. ఒంటరి చెట్టు కింద, ఎండ తగలకుండా థర్మామీటరు పెట్టి చూస్తే తేడా తరచుగా ఒకటి రెండు డిగ్రీలే. మనల్ని ఎక్కువగా కాల్చేవి కిరణాలు. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల శక్తి పడుతుంది. ఆపైన కాలిన నేల, గోడ, రేకు కూడా పరారుణ కిరణాల రూపంలో వేడిని మన మీదికే పంపుతాయి. రేకుల షెడ్డు కింద నీడ ఉన్నా ఒళ్లు ఉడికేది అందుకే.

ఆకు రేకులా కాగదు, ఎందుకంటే అది నీటిని ఆవిరి చేస్తూనే ఉంటుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్లు కావాలి. కరెంటు లెక్కలో యూనిట్‌లో మూడింట రెండు వంతులు! పైగా వేప, చింత ఆకులు చిన్నవి. ఆకు ఎంత చిన్నదైతే దాని చుట్టూ నిలిచే గాలి పొర అంత పలుచన, కాబట్టి కొద్దిపాటి గాలికే వేడి వదిలిపోతుంది.

మే నెలలో అన్ని నీళ్లు ఎక్కడివి? చెల్క, అంటే ఎర్ర ఇసుక నేల, పైపొర అప్పటికి బుగ్గి అయి ఉంటుంది. దాని కింద మొరం, అంటే శిథిలమైన గ్రానైటు, తేమను పగుళ్లలో దాచుకుంటుంది. పెద్ద చెట్ల వేర్లు అక్కడిదాకా దిగుతాయి. అందుకే వేప ఎండాకాలం ముంగిట ఆకు రాల్చి ఉగాదికల్లా చిగురించి పూస్తుంది. కానుగ కూడా ఇంచుమించు అంతే. చింతచిగురు పప్పులోకి వచ్చేదీ ఎండల్లోనే. వాన చుక్క పడకముందే చిగురించడం పొడి అడవుల చెట్లు చాలావాటి తీరు. వానలతో పురుగు పుట్టేనాటికి ఆకు ముదిరి ఉంటుంది గదా, అదొక లాభం అంటారు శాస్త్రజ్ఞులు.

ఇప్పుడు పార్కులో నాటినవి చూడండి. మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయి మే నెలలో ఎర్రగా విరగపూస్తుంది, ఆకు మాత్రం అంతంతే. మన రేల కూడా పసుపు పూలతో చూడముచ్చటగా ఉంటుంది, కింద కూర్చుంటే ఎండే. టేకు మోడు. కోనోకార్పస్ పచ్చగానే ఉంటుంది, కానీ స్తంభంలా కత్తిరించిన చెట్టు ఎవరికి నీడనిస్తుంది? ఫొటోకు బాగుండే చెట్టు వేరు, కూర్చోవడానికి పనికొచ్చే చెట్టు వేరు.

ఒత్తుగా నాటిన వనాల సంగతి కొంచెం వేరు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ పద్ధతిలో మొక్కలు వెలుతురు కోసం పోటీపడి నిటారుగా పెరుగుతాయి. పిట్టలకు, సీతాకోకచిలుకలకు మంచి చోటు. కానీ మనిషి ఎత్తులో గాలి ఆడదు, చెమట ఆరదు. రచ్చబండ దగ్గరి చెట్టుకు మొదలు ఎత్తుగా ఉండి, పైన గొడుగులా కొమ్మలుంటాయి, కింద గాలి దూసుకుపోతుంది. ఇక పొద్దంతా నీడలోనే ఉన్న బండ మన ఒంటి వేడిని లాక్కుంటుంది, చల్లగా తగులుతుంది. అదే బండ ఎండలో ఉంటే చీకటి పడ్డాక కూడా సెగ వదులుతూనే ఉంటుంది. బెంచీ ముందు వేసి, మొక్క పక్కన నాటి, పదేళ్లు ఆగమనడం తలకిందుల పని. ఊళ్లో ఉన్న పెద్ద చెట్టు చుట్టే పార్కు కడితే సరిపోయేది.

కట్టేటప్పుడూ జాగ్రత్త కావాలి. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాలకు పైగా పరుచుకున్న పిల్లలమర్రికి సుమారు 700 ఏళ్లంటారు. 2018లో చెదలు తినేస్తుంటే దానికి సెలైన్ సీసాల్లో పురుగుమందు ఎక్కించాల్సి వచ్చింది. మర్రి కొమ్మల బరువు మోసేది ఊడలే. అవి నేలలో దిగి వేరూనితేనే స్తంభాలవుతాయి. కింద సిమెంటు పరిచినా, జనం తొక్కి నేల గట్టిపడినా వాటికి దారి దొరకదు, పాత వేర్లకూ గాలి, నీరు అందవు. ఊళ్లోని వేపకు, రావికి కూడా ఇదే వర్తిస్తుంది. గద్దె కట్టించేవాళ్లు మాను చుట్టూ కనీసం రెండు మూడు అడుగుల మట్టి వదలాలి. గద్దె అంచుకు సిమెంటుకు బదులు సందులుంచి రాళ్లు పేర్చితే వాన నీళ్లు లోపలికి ఇంకుతాయి.