కారు అడుగున గాలి: ఫార్ములా వన్‌లో యాభై ఏళ్లుగా తెగని పేచీ

2025 నవంబరులో లాస్ వేగాస్ రేసు ముగిసిన కొన్ని గంటలకు మెక్‌లారెన్ జట్టు కార్లు రెండింటినీ ఫలితాల్లోంచి తీసేశారు. రెండో స్థానంలో వచ్చిన లాండో నోరిస్‌కూ, నాలుగో స్థానంలో వచ్చిన ఆస్కార్ పియాస్ట్రికీ ఒక్క పాయింటు కూడా దక్కలేదు. కారణం, కారు అడుగున బిగించే ఒక పలక. రేసు అయ్యాక దాని మందం కనీసం 9 మిల్లీమీటర్లు ఉండాలి. నోరిస్ కారులో ఒకచోట 0.12 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. రెండు వారాల తర్వాత నోరిస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కానీ రెండో స్థానంలో ఉన్న వెర్‌స్టాపెన్‌కూ అతనికీ తేడా 2 పాయింట్లే. ఆ పలక దాదాపు టైటిల్‌నే తారుమారు చేసి ఉండేది.

తాము ఊహించనంతగా కారు కిందికీ పైకీ ఊగి నేలను రాసుకోవడం వల్ల పలక అరిగిపోయిందని జట్టు చెప్పింది. ఆ పలక అక్కడికి ఎందుకొచ్చింది, కారు ఎందుకు అలా ఊగింది అన్నవి విడివిడి ప్రశ్నల్లా కనిపిస్తాయి. రెండింటి మూలమూ 1970లలో ఉంది.

రేసింగ్ కారుకు ఇంజిన్ బలం ఎంత ముఖ్యమో, మలుపులో టైర్లు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నదీ అంతే ముఖ్యం. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది. కానీ నిజంగా బరువు పెంచితే కారు నెమ్మదిస్తుంది. అందుకే గాలితోనే కారును కిందికి నొక్కించాలన్న ఆలోచన పుట్టింది. దీన్నే డౌన్‌ఫోర్స్ అంటారు. 1968లో ఫార్ములా వన్ కార్లకు వింగ్‌లు వచ్చాయి. విమానం రెక్కను తలకిందులు చేసి బిగించడమే ఆ పని. ఏడాది తిరక్కుండానే అవి పొడవాటి కడ్డీల మీద మనిషి ఎత్తుకు లేచాయి. 1969 స్పానిష్ గ్రాండ్ ప్రిలో గ్రాహం హిల్, యోహెన్ రిండ్ట్ నడిపిన రెండు లోటస్ కార్ల వింగ్‌లూ విరిగి, రెండూ ఒకే చోట గుద్దుకున్నాయి. ఆ తర్వాతి మొనాకో రేసు వారాంతంలోనే ఎత్తు వింగ్‌లను నిషేధించారు. కదిలే ఏరోడైనమిక్ భాగాలు ఉండకూడదన్న సూత్రమూ ఆ రోజుల్లోనే గట్టిపడింది.

వింగ్‌తో చిక్కేమిటంటే, అది కిందికి నొక్కుతూనే కారును వెనక్కీ లాగుతుంది. ఆ లాగుడు లేకుండా నొక్కే దారి ఏదైనా ఉందా అని లోటస్ యజమాని కాలిన్ చాప్‌మన్ 1975లో తన ఇంజినీర్ టోనీ రడ్‌కు పని అప్పగించాడు. రడ్ బృందంలో పీటర్ రైట్ ఉన్నాడు. లండన్ ఇంపీరియల్ కాలేజీ విండ్ టన్నెల్‌లో (నమూనా మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగంలో), కింద బెల్టు కదిలే ఏర్పాటు మీద చిన్న నమూనా కారును పరీక్షిస్తుంటే అంకెలు నిలకడగా రాలేదు. దగ్గరికెళ్లి చూస్తే, గాలి వేగం పెరిగేకొద్దీ నమూనా పక్క భాగాలు నేల వైపు కుంగుతున్నాయి. వాటిని తీగలతో కట్టేసి, పక్కల ఉన్న సందులను అట్టముక్కలతో మూసేసరికి డౌన్‌ఫోర్స్ ఒక్కసారిగా పెరిగిపోయింది. రేసింగ్ చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద సంగతి బయటపడిన సందర్భం నాకు తెలిసి మరొకటి లేదు.

అందులోని సూత్రం తేలికే. కాలువ ఇరుకైన చోట నీళ్లు వడిగా పారినట్టు, కారు అడుగుకూ రోడ్డుకూ మధ్య సందు సన్నబడిన చోట గాలి వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన గాలి పీడనం తగ్గుతుంది. పైన మామూలు పీడనం, కింద తక్కువ పీడనం, దాంతో కారు మొత్తం రోడ్డు మీదికి లాగబడుతుంది. వెనక సందు మళ్లీ మెల్లగా వెడల్పయితే ఆ గాలి చక్కగా బయటికి పోతుంది. పక్కలనుంచి బయటి గాలి చొరబడితే మాత్రం అంతా చెడిపోతుంది. అందుకే పక్కల నేలదాకా వేలాడే స్కర్టులు పెట్టారు. మొదట కుచ్చుల బ్రష్షులు, తర్వాత రోడ్డును రాసుకుంటూ పైకీ కిందికీ జారే గట్టి పలకలు. ఈ పద్ధతి పేరే గ్రౌండ్ ఎఫెక్ట్.

1977లో లోటస్ 78 ఐదు రేసులు గెలిచింది. నాలుగు మారియో ఆండ్రెట్టివి, ఒకటి గన్నర్ నిల్సన్‌ది. ఆ కారులో డౌన్‌ఫోర్స్ కేంద్రం బాగా ముందుకు ఉండేది. దాన్ని సరిచేయడానికి వెనక పెద్ద వింగ్ పెట్టాల్సి వచ్చేది. 1978లో వచ్చిన లోటస్ 79లో పెట్రోలు ట్యాంకు మొత్తాన్ని డ్రైవర్ వెనక్కి చేర్చి, అడుగున గాలి పారే పక్కల సొరంగాలను వెనకదాకా ఖాళీగా వదిలారు. ఆ ఏడు ఆండ్రెట్టి చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది జూన్‌లో స్వీడన్‌లో గోర్డన్ మరే రూపొందించిన బ్రాభం బీటీ46బీ వెనక పెద్ద ఫ్యానుతో బరిలోకి దిగింది. ఫ్యాను ఇంజిన్ చల్లబరచడానికేనని జట్టు వాదించింది. కానీ కారు నిలబడి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ నొక్కినా అది నేలకు అతుక్కుపోవడం అందరి కళ్లకూ కనిపించింది. నికీ లౌడా అరనిమిషానికి పైగా తేడాతో గెలిచాడు. మిగతా జట్లు గొడవకు దిగడంతో ఆ కారు మళ్లీ ఏ ఫార్ములా వన్ రేసులోనూ పరుగెత్తలేదు.

మరుసటి ఏడాది చాప్‌మన్ ఇంకో అడుగు వేశాడు. లోటస్ 80లో ముందు వింగ్ కూడా తీసేసి, దాదాపు మొత్తం అడుగు మీదే ఆధారపడదామనుకున్నాడు. ఆ కారు ట్రాక్ మీద ఊగడం మొదలుపెట్టింది. వేగం పెరిగితే అడుగు రోడ్డు మీదికి లాగబడుతుంది. మరీ దగ్గరైతే సందులో గాలి ఆడదు, లాగే శక్తి ఒక్కసారి పోతుంది. అణిగి ఉన్న స్ప్రింగులు కారును పైకి తంతాయి. సందు పెరగగానే గాలి మళ్లీ పారుతుంది, కారు మళ్లీ కిందికి పోతుంది. ఇదంతా సెకనులో కొన్నిసార్లు జరుగుతుంది. పార్పాయిజింగ్ అని దీనికి అప్పుడే పేరు పడింది. లోటస్ 80ని కొద్ది రేసులకే పక్కన పెట్టేశారు. అదే సూత్రాన్ని మితంగా వాడిన విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యూ07తో అలన్ జోన్స్ 1980లో చాంపియన్ అయ్యాడు.

ఇక్కడినుంచి నిబంధనల కథ మొదలవుతుంది. స్కర్టు ఇరుక్కుపోయినా, విరిగినా ఆ క్షణాన డౌన్‌ఫోర్స్ మాయమవుతుంది. డ్రైవర్‌కు ముందస్తు హెచ్చరిక ఏదీ ఉండదు. అందుకని 1981లో జారే స్కర్టులను నిషేధించి, కారుకూ రోడ్డుకూ మధ్య 6 సెంటీమీటర్ల జాగా ఉండాలన్నారు. ఆ జాగాను కొలిచేది కారు ఆగి ఉన్నప్పుడు. బ్రాభం జట్టు ఆ లొసుగునే పట్టుకుంది. వేగం పుంజుకున్నాక గాలి ఒత్తిడికి కారు కిందికి దిగిపోయి, పిట్‌లోకి వచ్చేటప్పటికి మళ్లీ పైకి లేచే సస్పెన్షన్ చేసింది. నెల్సన్ పికే దానితో ఆ ఏటి టైటిల్ గెలిచాడు. 1982లో కదలని స్కర్టులను అనుమతించారు. ఇక కారు కిందికీ పైకీ కదలకుండా ఉంటేనే స్కర్టు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి జట్లు సస్పెన్షన్‌ను రాయిలా బిగించేశాయి. రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా డ్రైవర్ వెన్నుకూ మెడకూ తగిలేది. తలనొప్పులు, చూపు మసకబారడం గురించి డ్రైవర్లు బాహాటంగా చెప్పుకున్నారు. ఆ సీజన్‌లో జోల్డర్‌లో జిల్ విల్‌నవ్, మాంట్రియల్‌లో రికార్డో పలెట్టి చనిపోయారు. హాకెన్‌హైమ్‌లో కాళ్లు నుజ్జయిన డిడియర్ పిరోనీ మళ్లీ ఫార్ములా వన్‌లో నడపలేదు. ఈ ప్రమాదాలన్నిటికీ గ్రౌండ్ ఎఫెక్ట్ కారణమనడం తప్పు. కానీ మలుపుల్లో వేగం అదుపు తప్పిందన్న భయం మాత్రం నిజమే. 1983నుంచి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య కారు అడుగు చదునుగా ఉండాలని తీర్మానించారు.

చదును అడుగు దాదాపు నలభై ఏళ్లు సాగింది. ఇంజినీర్లు ఊరుకోలేదు. వెనక చక్రాల దగ్గర అడుగును పైకి వంచి, డిఫ్యూజర్ పేరుతో పాత పనిలో కొంత మళ్లీ రాబట్టారు. 1994లో ఇమోలాలో రోలండ్ రాట్జెన్‌బర్గర్, అయర్టన్ సెన్నా ఒకే వారాంతంలో చనిపోయాక, కార్లు మరీ కిందికి దిగకుండా అడుగున 10 మిల్లీమీటర్ల చెక్క పలక బిగించాలన్న నిబంధన వచ్చింది. ఒక మిల్లీమీటరు అరగవచ్చు, అంతకు మించితే అనర్హత. జర్మన్ గ్రాండ్ ప్రితో ఇది అమల్లోకి వచ్చింది. వెంటనే బెల్జియంలో గెలిచిన మైకేల్ షూమాకర్ విజయం పలక అరుగుదల వల్లే రద్దయింది. ఇన్నేళ్ల నిబంధనల్లో నాకు బాగా నచ్చేది ఇదే. కారు ఆగి ఉన్నప్పటి ఎత్తును కాకుండా పరుగులో ఏం జరిగిందో అది కొలుస్తుంది. దాన్ని బుకాయించడం కష్టం.

మరి నిషేధించిన గ్రౌండ్ ఎఫెక్ట్‌ను 2022లో ఎందుకు తిరిగి తెచ్చారు? వెనక వస్తున్న కారు కోసం. వింగ్‌ల మీద బతికే కారు తన వెనక చిందరవందరైన గాలిని వదులుతుంది. వెనక కారు ముందు వింగ్‌కు ఆ గాలి పనికిరాదు. మలుపులో పట్టు పోతుంది, టైర్లు జారి వేడెక్కుతాయి, దగ్గరికి రావడం కుదరదు. డౌన్‌ఫోర్స్ తక్కువ ఉన్న కార్లకు ఈ బాధ అంతగా ఉండదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు చూసినవారికి ఆ కార్లు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా పోవడం గుర్తుండే ఉంటుంది. ఫార్ములా వన్ మాత్రం మలుపు వేగాన్ని వదులుకోదలచుకోలేదు. డౌన్‌ఫోర్స్‌ను వింగ్‌నుంచి అడుగుకు మారిస్తే రెండూ దక్కుతాయని ఫార్ములా వన్ నిర్వాహకుల తరఫున పనిచేసిన రాస్ బ్రాన్, పాట్ సిమండ్స్ బృందం లెక్క వేసింది. ముందు కారుకు 20 మీటర్ల వెనక ఉన్నప్పుడు డౌన్‌ఫోర్స్ నష్టం పాత కారులో 35 శాతమైతే కొత్త కారులో 4 శాతమేనని సీజన్‌కు ముందు ప్రకటించారు. 2021లోనే రావలసిన ఈ నిబంధనలు కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడ్డాయి.

2022 ఫిబ్రవరిలో బార్సిలోనాలో కొత్త కార్లు మొదటిసారి పరుగెత్తగానే ఊగడం మొదలైంది. నలభై ఏళ్ల కిందటి జబ్బు మళ్లీ వచ్చింది. సూపర్ కంప్యూటర్లు ఉన్న జట్లు దీన్ని ముందే ఎందుకు పసిగట్టలేకపోయాయి? విండ్ టన్నెల్‌లో 60 శాతం సైజు నమూనాను, గంటకు 180 కిలోమీటర్లకు మించని గాలితోనే పరీక్షించాలని నిబంధన. ఊగుడు మొదలయ్యేది అంతకన్నా బాగా ఎక్కువ వేగాల్లో. పైగా కడ్డీకి బిగించిన నమూనా తనంత తాను ఊగదు. చదువుకునే రోజుల్లోనే గ్రౌండ్ ఎఫెక్ట్ మీద ప్రాజెక్టు చేసిన కారు డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ ఉన్న రెడ్ బుల్ జట్టు సస్పెన్షన్ విషయంలో మొదటినుంచీ జాగ్రత్తపడింది. మెర్సిడెస్ దారుణంగా దెబ్బతింది. జూన్‌లో బాకూ రేసు తర్వాత లూయిస్ హామిల్టన్ నడుం పట్టుకుని, కారులోంచి అతికష్టం మీద దిగడం ప్రపంచమంతా చూసింది.

కారును కాస్త పైకి లేపుకుంటే ఊగుడు తగ్గుతుంది కదా, అది జట్ల ఇష్టం కదా అని కొందరు వాదించారు. ఈ వాదనతో నేను ఏమాత్రం ఏకీభవించను. పైకి లేపితే ఒక్కో చుట్టుకు పట్టే టైమ్ పెరుగుతుంది. టైమ్‌కూ డ్రైవర్ వెన్నుకూ మధ్య ఎంచుకోమంటే జట్టు ఏది ఎంచుకుంటుందో 1982లోనే తేలిపోయింది. అందుకే ఫార్ములా వన్ నిబంధనలు రాసే ఎఫ్ఐఏ ఆ ఆగస్టులో బెల్జియంనుంచి అమలు చేసిన ఆదేశం నా లెక్కలో చాలా పెద్దది. కారు నిలువుగా ఎంత గట్టిగా ఊగుతోందో సెన్సర్‌తో కొలిచి దానికి ఒక హద్దు పెట్టింది. అప్పటిదాకా వచ్చినవి ఎక్కువగా కారు ఆకారాన్నో ఎత్తునో కొలిచిన నిబంధనలే. డ్రైవర్ శరీరానికి చేరే కుదుపును కొలిచి హద్దు గీసింది ఇక్కడే. 2023లో అడుగు అంచులను 15 మిల్లీమీటర్లు పైకి లేపారు. ఊగుడు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. కార్లు నేలను అంటిపెట్టుకుని పరుగెత్తడమూ ఆగలేదు. 2023లో ఆస్టిన్‌లో హామిల్టన్, లెక్లెర్క్, 2025లో చైనాలో మళ్లీ హామిల్టన్ పలక అరిగి అనర్హులయ్యారు. వెనక కారుకు అందే గాలి కూడా ఏటేటా చెడిపోతూ వచ్చింది. జట్లు ముందు వింగ్ చివరలతో, అడుగు అంచులతో గాలిని మళ్లీ పక్కలకు విసిరే పద్ధతులు కనిపెట్టాయి.

2026 నిబంధనలు కారు అడుగున గాలి పారే ఆ పెద్ద సొరంగాలను తీసేసి అడుగును మళ్లీ చదును వైపు తెచ్చాయి. వెడల్పు 2 మీటర్లనుంచి 1.9 మీటర్లకు, కనీస బరువు 768 కిలోలకు తగ్గాయి. 1969లో తలుపు మూసిన కదిలే వింగ్‌లకు ఇప్పుడు ముందూ వెనకా అధికారికంగా అనుమతి దొరికింది. మలుపులో నిలువుగా, నేరు దారిలో పరుచుకుని ఉంటాయి. చదును అడుగుతో లాభం ఉంది. కారు నేలను రాసుకునేంత కిందికి దిగితేనే వేగం అన్న ఒత్తిడి తగ్గుతుంది, సస్పెన్షన్ కాస్త మెత్తబడుతుంది. వెనక కారుకు మంచి గాలి అందించే పని మాత్రం ఇప్పుడు అడుగు చేయదు. ముందు చక్రాలనుంచి చెదిరిన గాలిని లోపలికి మళ్లించేలా సైడ్‌పాడ్‌ల (కారు పక్కల ఉబ్బెత్తు భాగాల) ముందు పెట్టిన బోర్డుల మీద ఆ భారం పడింది. ఆ గాలిని బయటికి విసిరితేనే సొంత కారుకు లాభం కాబట్టి, ప్రతి జట్టు ఏరో విభాగమూ ఆ బోర్డులకు ఎదురు పనిచేసే దారి వెతుకుతుంది.