డాక్సింగ్: "నంబరేగా పెట్టింది, ఏమవుతుందిలే" అనేవాళ్ల కోసం

కాలేజీల్లో సైబర్ భద్రత క్లాసులు చెబుతుంటాను. "వాణ్ని డాక్స్ చేశారు సార్" అన్న మాట పిల్లలందరికీ తెలుసు, అర్థం మాత్రం తలా ఒకటి చెబుతారు. డాక్యుమెంట్స్ అన్న మాటే నలిగి నలిగి డాక్స్ అయింది. 1990లలో హ్యాకర్లు తమలో తాము తగువుపడి, మారుపేరుతో తిరిగేవాడి అసలు పేరూ అడ్రసూ బయటపెట్టేవాళ్లు. మన మాటలో చెప్పాలంటే ఒకరి సొంత వివరాలు నెట్‌లో పెట్టి గుట్టు రట్టు చేయడం.

అపోహ: ఇది హ్యాకర్ల పని.

వాస్తవం: ఒక్క పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. క్లాసులో నా నంబరే బోర్డు మీద రాస్తాను. ఎవరో ఒకరు యూపీఐ యాప్‌లో కొట్టగానే బ్యాంకులో ఉన్న పేరు వచ్చేస్తుంది. ఆ పేరుతో ఫేస్‌బుక్‌లో వెతికితే వినాయకుడి మండపం ముందు దిగిన ఫొటో, వెనక బ్యానర్ మీద మా కాలనీ పేరు. ఆ కాలనీ పోలింగ్ స్టేషన్ ఓటర్ల జాబితా పీడీఎఫ్ తెరిస్తే ఇంటి నంబరు, నాన్న పేరు, నా వయసు (ఇక్కడ కాస్త నవ్వుతారు). అంతా కలిపి పావుగంట. ఆ తర్వాత వెనక బెంచీవాళ్లు నా మాట వినరు, వాళ్ల పాత ఫొటోలు డిలీట్ చేసుకుంటూ ఉంటారు.

అపోహ: అన్నీ బయట ఉన్నవేగా, తప్పేంటి?

వాస్తవం: ఓటర్ల జాబితాలో మీ ఇంటి నంబరు వందల పేర్ల మధ్య ఒక వరుస. అదే నంబరు "వీడి సంగతి చూడండి" అన్న పోస్టు కింద పడితే అర్ధరాత్రి ఫోన్లు, మీరు ఆర్డరివ్వని క్యాష్ ఆన్ డెలివరీ పార్శిళ్లు.

అపోహ: దుర్మార్గుడి వివరాలు పెడితే పుణ్యమే.

వాస్తవం: 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత రెడిట్ అనే చర్చల సైట్‌లో జనం ఫొటోలు పోల్చి చూసి, అప్పటికే కనిపించకుండా పోయిన ఓ విద్యార్థిని అనుమానితుడిగా తేల్చేశారు. అతనికి పేలుళ్లతో ఏ సంబంధమూ లేదు. బిడ్డ కోసం వెతుక్కుంటున్న ఇంటివాళ్లకు తిట్లు మిగిలాయి.

జాలితో చేసినా అంతే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరంలో బాధితురాలి అసలు పేరుతోనే "న్యాయం కావాలి" హ్యాష్‌ట్యాగులు నడిపాం. 'దిశ' అని రాయమని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం అప్పటికే నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు.

అపోహ: మన దగ్గర దీనికి చట్టం లేదు.

వాస్తవం: డాక్సింగ్ అనే పేరుతో సెక్షన్ లేని మాట నిజమే. కేసు మాత్రం చేసిన పనిని బట్టి పడుతుంది. ఆడవాళ్ల వెంటపడితే సంహితలోని 78, బెదిరిస్తే 351.

అపోహ: మన వివరాలు ఎవరైనా పెడితే ముందు ఆ పోస్టు తీయించాలి.

వాస్తవం: ముందు ఖాతా పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి, లింకు కాపీ చేసుకోండి. ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టడం, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. టెన్షన్‌లో చాలామంది 1930కి చేస్తారు, అది ప్రధానంగా డబ్బు పోయినప్పుడు చేసే నంబరు. ఈలోగా ఇంట్లో చెప్పి ఉంచండి. తర్వాతి ఫోన్ అమ్మకే రావచ్చు.