ఎవరి అడుగు?

కొలతల టేపు చివర చిన్న ఇనుప కొక్కెం ఉంటుంది. అది ఎప్పుడూ కాస్త వదులుగా కదులుతుంటుంది. కొత్త టేపు అప్పుడే పాడైందనుకుని నేనొకసారి దాన్ని సుత్తితో కొట్టి బిగించాను. ఆ తర్వాత చేసిన అలమర తలుపు ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు. ఆ వదులు కావాలనే పెట్టారట! కొక్కెం మందం ఎంతో, అది కదిలేదీ సరిగ్గా అంతే. బల్ల అంచుకు తగిలించి లాగితే బయటికి జరుగుతుంది, గోడకు ఆనిస్తే లోపలికి జరుగుతుంది. ఎలా కొలిచినా దాని మందం లెక్కలోకి రాదు.

ఒక మిల్లీమీటరు కోసం ఇంత పట్టింపు మనకు మొదటినుంచీ లేదు. వేలు, బెత్తెడు, జానెడు, మూర, బార అన్నీ ఒంట్లోంచే వచ్చాయి. ఒంటితో కొలిస్తే కొలబద్ద మర్చిపోయామన్న బెంగ లేదు. గొడవల్లా ఎవరి మూర అన్న దగ్గరే. ప్రాచీన ఈజిప్టువాళ్లు అందుకే రాజుగారి మూర ఒకటి స్థిరం చేసుకున్నారు. పొడవు సుమారు 52 సెంటీమీటర్లు, అందులో 28 వేళ్లు. ఆనాటి మూరకర్రలు కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి.

నాకు బాగా నచ్చిన ఉపాయం మాత్రం 16వ శతాబ్దపు జర్మనీలో యాకోబ్ కోబెల్ చెప్పింది. ఆదివారం చర్చిలోంచి బయటికొచ్చే మగవాళ్లలో 16 మందిని ఆపమంటాడు. పొట్టీ పొడుగూ చూడక్కర్లేదు, ఎవరు ముందొస్తే వాళ్లే. అందరి ఎడమ పాదాలూ ఒకదాని వెనక ఒకటి తాకేలా నిలబెడితే వచ్చిన పొడవు ఒక కోల. దాంట్లో పదహారో వంతు అడుగు. ఆ అడుగు వాళ్లలో ఎవరి పాదమూ కాదు, అందుకే ఎవరికీ పేచీ లేదు.

ఫ్రెంచి విప్లవకారులు ఇంకా దూరం వెళ్లారు. ఏ మనిషితోనూ పని లేకుండా భూమినే కొలబద్ద చేద్దామన్నారు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరు అని 1791లో తేల్చారు. మరుసటి ఏడు దలాంబ్ర్, మెషాన్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు బయల్దేరి ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి స్పెయిన్‌లోని బార్సిలోనా దాకా కొలిచారు. యుద్ధాలు, అరెస్టుల మధ్య పని 1798 దాకా సాగింది. బార్సిలోనాలో తీసిన అక్షాంశం లెక్కలు పొసగలేదని మెషాన్‌కు తెలుసు. ఆ మాట ఎవరికీ చెప్పలేక, చనిపోయేదాకా లోలోపలే నలిగిపోయాడు పాపం. చివరికి మీటరు అనుకున్నదానికంటే 0.2 మిల్లీమీటర్లు పొట్టిదైంది. అందుకు అసలు కారణం ఆయన కూడా కాదు, ధ్రువాల దగ్గర భూమి ఎంత నొక్కుకుపోయి ఉందన్న అంచనా తప్పడం. తప్పు బయటపడ్డా మీటరును ఎవరూ మార్చలేదు. అందరి చేతిలోనూ ఒకే పొడవు ఉంటే చాలు, అది భూమితో సరిపోకపోయినా నష్టం లేదు.

ఒకటి కాకపోతేనే నష్టం. 1983లో కెనడాలో ఒక బోయింగ్ 767 నడి ఆకాశంలో ఉండగా ఇంధనం అయిపోయింది. లీటరు ఇంధనం 0.8 కిలోలు, అదే పౌండ్లలో 1.77. సిబ్బంది 1.77తో హెచ్చవేసి, వచ్చిన అంకెను కిలోలనుకున్నారు. విమానం కావలసిన దాంట్లో సగం కూడా లేకుండా ఎగిరింది. పైలట్లు దాన్ని గాల్లో తేలుతున్నట్టే తెచ్చి పాత వైమానిక స్థావరంలో దించారు. ప్రాణాలన్నీ దక్కాయి.

కిలోగ్రాము కథ ఇంకా తమాషా. 1889 నుంచి కిలో అంటే పారిస్ పక్కన సెవ్ర్‌లో గాజు గంటల కింద దాచిన ఒక లోహపు ముద్ద. ప్లాటినం, ఇరిడియం కలిపి చేసింది. దాని నకళ్లతో పోల్చి చూస్తే వందేళ్లలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. ముద్దే కిలో అన్నాక అది తగ్గిందనడానికి వీల్లేదు, మిగతా ప్రపంచమే బరువెక్కిందనాలి! ఈ చిక్కు 2019 మే 20న తీరింది. ఆ రోజునుంచి కిలోకు ఆధారం ప్లాంక్ స్థిరాంకం, అంటే ప్రకృతిలో ఎక్కడా ఎప్పుడూ మారని ఒక విలువ.

మీటరు అంతకుముందే, 1983లోనే, కాంతి చేతికి వెళ్లింది. శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెళ్లే దూరమే ఇప్పుడు మీటరు. మన ఫోన్‌లో దారి చూపే ఉపగ్రహాలూ గడియారాలతోనే దూరం కొలుస్తాయి. గడియారం ఒక్క నానోసెకను తప్పితే కొలిచిన దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది, ఎందుకంటే ఆ కాస్త కాలంలో కాంతి వెళ్లేది అంతే. అడుగుకు అర సెంటీమీటరు తక్కువ.