వెళ్లాలా వద్దా: ఆ నిర్ణయం వీసా చేతికి ఎలా వెళ్లింది

వేరే దేశంలో స్థిరపడదామని ఎవరైనా ఆలోచన మొదలుపెడితే, "వెళ్దామా వద్దా" అన్న చర్చ ఎంతోసేపు సాగదు. వెంటనే "ఏ వీసా మీద?" అన్న ప్రశ్న వస్తుంది. ఏ దేశం, ఏ చదువు, పెళ్లికి ముందా తర్వాతా అన్నవి కూడా చాలా ఇళ్లలో దాన్ని బట్టే తేలుతున్నాయి. నూటపాతికేళ్ల కిందట అట్లాంటిక్ దాటిన యూరప్ రైతు లెక్క వేరు. ఓడ టికెట్ డబ్బు, అవతలి ఒడ్డున ఓ తెలిసిన మనిషి, ఒంట్లో సత్తువ ఉంటే చాలు. ఈ మార్పు తనంతట తాను రాలేదు. ఒక్కో చట్టం, ఒక్కో భయం దీన్ని తెచ్చాయి.

చాలాకాలం పాటు రాజ్యాలు భయపడింది వచ్చేవాళ్లను చూసి కాదు, వెళ్లిపోయేవాళ్లను చూసి. బ్రిటన్ 1718లోనే చట్టం చేసి, నైపుణ్యమున్న చేతిపనివాళ్లు విదేశాలకు పోకుండా కట్టడి చేసింది. వాళ్లతోపాటు పనితనం గుట్టు కూడా పోతుందని దాని భయం. ఆ చట్టం 1824లో గానీ రద్దు కాలేదు. మరో పదేళ్లకు అదే సామ్రాజ్యం, బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలని, 1834 నుంచి భారతీయ కూలీలను ఒప్పందం మీద మారిషస్‌కు పంపడం మొదలుపెట్టింది. తర్వాత ట్రినిడాడ్, గయానా, దక్షిణాఫ్రికాలోని నటాల్, ఫిజీ. సాధారణంగా ఐదేళ్ల ఒప్పందం. ఇష్టపడే వెళ్తున్నారని కాగితం చెప్పేది, కానీ ఆ కాగితం చదవగలిగినవాళ్లు కొద్దిమందే. ఈ నియామకాలు 1917లో ఆగాయి. పాతరోజుల్లో అందరూ స్వేచ్ఛగా వలస వెళ్లేవారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేనిది ఇందుకే.

యూరప్ నుంచి వెళ్లినవాళ్ల సంగతి తెలియాలంటే ఎల్లిస్ ఐలాండ్‌ను కాస్త దగ్గరగా చూడాలి. న్యూయార్క్ రేవులో 1892 జనవరి 1న తెరిచిన ఈ కేంద్రం గుండా, 1954లో మూసేలోగా కోటీ 20 లక్షల మందికి పైగా వెళ్లారు. చౌక తరగతి ప్రయాణికులు మూటలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే డాక్టర్లు గమనిస్తూ ఉండేవారు. ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కుంటుతున్నారు అని. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఓ అక్షరం రాసేవారు. గుండె జబ్బుకు 'హెచ్', కళ్లకు 'ఇ'. ట్రకోమా అనే అంటుకునే కంటి జబ్బు ఉందేమోనని, బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో కనురెప్ప తిరగేసి చూసేవారు.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ ప్రశ్నలు. టికెట్ డబ్బు ఎవరు కట్టారు, చేతిలో ఎంత ఉంది, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు, పని ముందే కుదిరిందా? చివరి ప్రశ్నకు "కుదిరింది" అని చెప్పిన కూలీకి తిరుగు ఓడే గతి. ముందే ఒప్పందం కుదుర్చుకుని విదేశీ కూలీలను దించుకోవడాన్ని 1885 చట్టం నిషేధించింది, స్థానికుల కూలి రేట్లు పడిపోతాయని. ప్రభుత్వానికి భారమయ్యేలా కనిపించే మనిషిని 1882 చట్టం రానివ్వదు. అంటే పని చేసి బతకగలనని చూపించుకోవాలి, పని మాత్రం కుదరలేదని చెప్పాలి. ఇవాళ ఆఫర్ లెటర్ కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు ఈ సంగతి వింటే నమ్మలేరు. ఇంతా చేసి వెనక్కి పంపింది నూటికి ఇద్దరినే. పంపాల్సి వస్తే ఆ ఖర్చు ఓడ కంపెనీ నెత్తిన పడేది కాబట్టి, బయల్దేరే రేవులోనే కంపెనీలు వడపోసేవి.

ఇంకో సంగతి జనం మర్చిపోయారు. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణం రోజుల్లోకి తగ్గాక, వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి వచ్చేసేవారు. ముఖ్యంగా ఇటలీ మగవాళ్లు నాలుగు డబ్బులు వెనకేసుకుని సొంతూరు చేరేవారు, అవసరమైతే మళ్లీ ఓడెక్కేవారు. వెళ్లడం ఒక్కసారే తీసుకునే నిర్ణయం కాదు అప్పట్లో. తేడా వస్తే మార్చుకునే వీలుండేది.

ఈ వీలు అందరికీ లేదు. అమెరికా 1882లోనే చైనా కూలీల రాకను చట్టం చేసి ఆపింది, ఆ చట్టం 1943 దాకా ఉంది. మిగతా దేశాలు పేరు పెట్టకుండా అదే పని చేశాయి. ఆస్ట్రేలియా 1901 చట్టం ప్రకారం అధికారి ఏదైనా యూరప్ భాషలో 50 పదాలు చెబుతాడు, వచ్చినవాడు తప్పులేకుండా రాయాలి. ఏ భాషో ఎంచుకునేది అధికారే. కెనడా 1908లో, వలసదారు తన దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా రావాలని రూలు పెట్టింది. భారత్ నుంచి అలా వచ్చే ఓడ సర్వీసే లేకుండా చూసుకుంది. దాన్ని సవాలు చేస్తూ పంజాబీ వ్యాపారి గుర్దిత్ సింగ్ అద్దెకు తీసుకున్న కొమగాట మారు ఓడ 1914 మే 23న 376 మందితో వాంకూవర్ చేరింది. రెండు నెలలు రేవులోనే నిలబెట్టి, ఓ పాతికమందిని తప్ప ఎవరినీ దిగనివ్వకుండా జులై 23న వెనక్కి పంపేశారు. కలకత్తా దగ్గర బడ్జ్‌బడ్జ్‌లో దిగాక పోలీసు కాల్పుల్లో సుమారు 20 మంది చనిపోయారు. ఆ రూల్లో ఎక్కడా 'భారతీయులు' అన్న మాట లేదు. వలస రూల్స్ చదివేటప్పుడు అందులో ఏం రాశారన్నదే కాదు, ఎవరి మీద పడుతుందన్నది కూడా చూడాలని నేను అనేది ఇలాంటివి చూసే.

అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యూరప్‌లో అప్పటికి చాలాచోట్ల అడిగేవాళ్లే లేని పాస్‌పోర్టు గూఢచారుల భయంతో తిరిగి వచ్చింది. యుద్ధం ముగిసినా పోలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం పెట్టి అన్ని దేశాలకూ ఒకే నమూనా పుస్తకం సూచించింది, 32 పేజీలది. నాలుగేళ్లకు అమెరికా చట్టం దేశాలవారీగా కోటాలు బిగించి, బయల్దేరే ముందే కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలంది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. రేవులో జరిగే పరీక్ష, సొంత దేశంలోనే ఒక కిటికీ ముందుకు వచ్చింది. ఓడెక్కకముందే కాదనిపించుకోవడం అప్పుడు మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1948లో వచ్చిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 13వ అధికరణం, తన దేశంతో సహా ఏ దేశాన్నైనా విడిచి వెళ్లే హక్కు, తిరిగి సొంత దేశానికి వచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉన్నాయంది. వేరే దేశంలోకి ప్రవేశించే హక్కు గురించి ఏమీ అనలేదు. భారత్‌లో సుప్రీంకోర్టు 1967లో, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు పాస్‌పోర్టు వెనక్కి తీసుకోకూడదని తేల్చింది. అవతలి తలుపు మాత్రం అవతలివాళ్లదే.

ఆ తలుపులు తాత్కాలికంగా తెరిచినప్పుడు ఏమైందో పశ్చిమ జర్మనీ కథ చెబుతుంది. కార్ఖానాలకు మనుషులు చాలక 1950ల నుంచి ఇటలీ, స్పెయిన్, గ్రీస్, టర్కీ, పోర్చుగల్ లాంటి దేశాలతో ఒప్పందాలు చేసుకుంది. కొన్నాళ్లు పనిచేసి పోతారు, వాళ్ల చోట కొత్తవాళ్లు వస్తారన్నది లెక్క. 1964 సెప్టెంబరులో కొలోన్ స్టేషన్లో దిగిన పోర్చుగీసు వడ్రంగి అర్మాందో రోద్రిగెస్ ద సా పేరు లౌడ్‌స్పీకర్లో పిలిస్తే, వెనక్కి పంపేస్తారేమోనని ఆయన భయపడ్డాడు. నిజానికి ఈ ఒప్పందాల మీద వచ్చిన 'అతిథి కార్మికుల్లో' ఆయన పది లక్షలవవాడు. చేతికి పూలు, బహుమతిగా ఓ మోపెడ్ ఇచ్చారు. కొన్నేళ్లకు ఆయనకు క్యాన్సర్ వచ్చింది. జర్మనీలో తనకు ఆరోగ్య బీమా హక్కు ఉందని తెలియక కూడబెట్టినదంతా వైద్యానికే ఖర్చుపెట్టి, 1979లో సొంత దేశంలో చనిపోయాడు. ఆ మోపెడ్ ఇప్పుడు బాన్ నగరంలోని చరిత్ర మ్యూజియంలో ఉంది. దాంతో ఆయన దిగిన ఫొటో ఎప్పుడు చూసినా నాకు బాధేస్తుంది. మోపెడ్ ఇచ్చినవాళ్లలో ఒక్కరు బీమా సంగతి చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

చమురు సంక్షోభంతో 1973 నవంబరులో జర్మనీ నియామకాలు ఆపేసింది. ఉన్నవాళ్లు వెళ్లిపోతారనుకుంది. జరిగింది వేరు. ఒకసారి వెళ్తే మళ్లీ రానివ్వరని తెలిసి చాలామంది కదల్లేదు, భార్యాపిల్లల్ని కూడా పిలిపించుకున్నారు. వచ్చిపోయే వీలు పోయాక, ఉన్నచోట ఉండిపోవడమే క్షేమమనిపించింది.

మనిషిని అంకెల్లోకి మార్చడం 1967లో కెనడాతో మొదలైంది. వలస రావాలనుకునేవాళ్లకు మార్కులు వేసేది, 100కు 50 వస్తే చాలు: చదువుకు 20 దాకా, వయసుకు 10, భాషకు 10, కుదిరిన ఉద్యోగానికి 10, అధికారి అభిప్రాయానికి 15. జాతి పేరెత్తని పద్ధతి కాబట్టి ఇది నిజంగా మెరుగైనదే, కొమగాట మారు గుర్తున్నవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్ అదే బాట పట్టాయి. అయితే మార్కులు ఎప్పుడైనా మారతాయి. జాబ్ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లను కెనడా 2025 మార్చిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస దరఖాస్తుల పద్ధతి నుంచి తీసేసింది, ఆ ఆఫర్లను దొంగచాటుగా అమ్ముతున్నారని. ఆ పాయింట్లనే నమ్ముకుని ప్లాన్ వేసుకున్నవాళ్ల స్కోరు రాత్రికి రాత్రి పడిపోయింది.

అమెరికా 1965లో పాత జాతీయ కోటాలు ఎత్తేసింది. 1990 చట్టం హెచ్1బీ ఉద్యోగ వీసాను ఇప్పటి రూపానికి తెచ్చింది, ఏటా పరిమిత సంఖ్యలో ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. చిన్న దేశానికీ పెద్ద దేశానికీ ఒకే లెక్క కావడంతో భారతీయుల క్యూ ఏళ్లకు ఏళ్లు పెరిగింది. పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి తప్పుకోవాల్సి వస్తుంది. 2002 నాటి ఓ చట్టం, పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని ఆ వయసులోంచి తీసేస్తుంది గానీ క్యూలో నిలబడ్డ ఏళ్లను తీసేయదు. ఒకటో తరగతి నుంచి అక్కడే చదివిన పిల్లలు సొంతంగా స్టూడెంట్ వీసాకు అప్లై చేసుకుంటున్నారు.