మీ అమ్మను ఫెయిల్ చేసిన ప్రోగ్రాం

చిరంజీవులకు మామయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన పదో తరగతి మార్కుల ప్రోగ్రాం చూశాను. మీ మార్కులు వేస్తే జవాబు సరిగ్గానే వచ్చింది, భేష్. చదవబోతే మాత్రం తల తిరిగింది. సబ్జెక్టుల మార్కులకు ఏ, బీ, సీ, డీ... అని పేర్లు పెట్టారు. వీటిలో లెక్కలు ఏది, సోషల్ ఏది? చివరికి కాగితం మీద పట్టిక రాసుకుని చదివాను.

నేనేం తక్కువ తినలేదు లెండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో టెంప్, టెంప్2, టెంప్3 అని పేర్లు పెట్టేవాణ్ణి. ఆర్నెల్ల తర్వాత అందులో తప్పు దిద్దమన్నారు. రాసింది నేనే, అర్థంకాక రాత్రంతా కూర్చున్నదీ నేనే.

తర్వాత మీ అమ్మ పాత మార్కులు వేసి చూశాను. హిందీలో 27. మా రోజుల్లో హిందీకి 20 వస్తే పాసే. మీ ప్రోగ్రాం ఆవిణ్ణి ఫెయిల్ చేసింది! (ఈ 27 సంగతి నేను చెప్పానని అనకండి.) దిద్దుదామంటే 35 ఆరు చోట్ల ఉంది. అందులో హిందీది ఏది? ఒక ఇఫ్ (‘మార్కులు ఇంతకన్నా తక్కువైతే ఫెయిల్’ అనే షరతు) రాసి ఐదుసార్లు కాపీ కొట్టారు కదూ? సైన్సు తప్పినా ‘లెక్కలు ఫెయిల్’ అంటోంది, ఆ కాపీలో పేరు మార్చడం మరిచిపోయారు.

ప్రోగ్రాం మొదట్లో ఒక్కచోట 35కి పాస్_మార్కు అని పేరు పెట్టండి. 20కి హిందీ_పాస్_మార్కు. పైథాన్ 3లో తెలుగు పేర్లూ చెల్లుతాయి. ఆరు ఇఫ్‌ల బదులు ఒక్క ఫంక్షన్ (పేరు పెట్టి ఎన్నిసార్లైనా పిలుచుకునే కోడ్ ముక్క) చాలు: సబ్జెక్టు పేరు, వచ్చిన మార్కులు, పాస్ మార్కు ఇస్తే పాసో ఫెయిలో చెప్పాలి. దాన్ని లూప్‌లో, అంటే ఒక్కో సబ్జెక్టుకూ వరసగా, పిలవండి.

‘ఇక్కడ మార్కులు కలుపుతున్నాం’ అని కామెంట్ (కోడ్ చదివేవాళ్ల కోసం రాసే మాట) పెట్టారు. ప్లస్ గుర్తు చూస్తే తెలియదా? హిందీకి 20 ఎందుకో మాత్రం కోడ్ చూస్తే తెలియదు, కామెంట్ అక్కడ రాయండి.

ఇంకోటి. ఒకరు లైను ముందు రెండు ఖాళీలు వదిలారు, ఒకరు నాలుగు. ఎవరు ఎక్కడిదాకా రాశారో ఇట్టే దొరికిపోయారు! పైథాన్‌కు పెప్ 8 అని 2001 నుంచీ ఒక పద్ధతుల పత్రం ఉంది, అందులో నాలుగు అన్నారు. అదే పాటించండి. లైను 79 అక్షరాలు దాటకూడదనీ ఉంది గానీ, దాని గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

మార్చాక పంపండి. ఈసారి అమ్మ మార్కులతో పాటు సైన్సులో 30 కూడా వేసి చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య