తోక పట్టి ఎత్తిన చిట్టెలుక

చిట్టెలుకను తోక పట్టుకుని పైకెత్తితే వెనక కాళ్లు రెండూ ఎడంగా చాపి, ఎక్కడైనా ఆనుకోడానికి దొరుకుతుందేమోనని గాల్లో తన్నుకుంటుంది. రెట్ సిండ్రోమ్ ఉన్న ఎలుక అలా చేయదు. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ఒకదానితో ఒకటి పెనవేసుకుని వేలాడుతుంది.

రెట్ సిండ్రోమ్ దాదాపుగా ఆడపిల్లలకే వచ్చే జబ్బు, సుమారు పదివేల మందిలో ఒకరికి. మొదటి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాదిన్నర దాకా పాప బాగానే ఉంటుంది. తర్వాత వచ్చిన మాటలు పోతాయి. బొమ్మను పట్టుకున్న చేతులే ఇప్పుడు సబ్బుతో కడుక్కుంటున్నట్టు ఒకదాన్నొకటి పిసుక్కుంటూ ఉంటాయి. దీనికి కారణం ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఎంఇసీపీ2 జన్యువులో లోపమని 1999లో అమెరికాలోని హుదా జోగ్బీ బృందం తేల్చింది.

పోయిన మాట మళ్లీ వస్తుందా? తల్లిదండ్రులు అడిగే ఈ ప్రశ్నను ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం ఎలుకల్లో పరీక్షించింది. జన్యువును తీసేయలేదు, పని చేయకుండా దాని మధ్యలో ఒక డీఎన్ఏ ముక్కను అడ్డం పెట్టారు. ఆ అడ్డును కత్తిరించే ఎంజైమ్‌ను కూడా ముందే కణాల్లో ఉంచారు. కాకపోతే అది కేంద్రకం బయటే ఆగిపోతుంది. టామాక్సిఫెన్ ఇస్తేనే లోపలికి వెళ్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందే అది.

ఎలుకలు వణకడం మొదలై, ఊపిరి తడబడి, నడక చెడ్డాక మందు ఇచ్చారు. తొందరపడి రోజూ ఇచ్చినప్పుడు కొన్ని చచ్చిపోయాయి. నెమ్మదిగా ఇస్తే వణుకు తగ్గింది, నడక కుదురుకుంది. చావుకు దగ్గరైన ఎలుకలు బతికాయి. 2007లో ఈ ఫలితం వచ్చేదాకా మెదడు ఎదుగుదలలో ఒకసారి తప్పిన అడుగు తప్పినట్టేనని చాలామంది అనుకునేవారు. రెట్‌లో నాడీకణాలు చచ్చిపోవు, సరిగా పని చేయలేకపోతాయంతే. నా లెక్కలో ఆ ఎలుకలు చెప్పిన అసలు సంగతి ఇదే.

మరి పాపకు ఎందుకంత తేలిక కాదు? ఎలుకలో మేల్కొన్నది దాని సొంత జన్యువు, ఉండాల్సిన చోటే, ఉండాల్సిన మోతాదులో. మనుషుల మీద 2023లో మొదలైన జన్యు చికిత్స ప్రయోగాల్లో కొత్త కాపీని వైరస్‌లో పెట్టి పంపుతారు. ఆడపిల్ల ఒక్కో కణంలో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లలో ఏదో ఒకటే పని చేస్తుంది కాబట్టి మెదడులో కొన్ని కణాలు చెడినవి, కొన్ని మంచివి. వైరస్‌కు ఆ తేడా తెలియదు. మంచి కణంలోకి వెళ్తే అక్కడ ఎంఇసీపీ2 ఎక్కువైపోతుంది, ఆ ఎక్కువ కూడా వేరే జబ్బే.